డబ్బుండీ చెల్లింపు ఆగితే ఎగవేతేనా? ఆంక్షల కింద ఉన్న దేశాల అప్పులపై చర్చ

సందేహజీవి

2022 జూన్ 27న రష్యా విదేశీ అప్పు ఎగవేసినట్టే లెక్క అని రేటింగ్ సంస్థ మూడీస్ ప్రకటించింది. 1918లో బోల్షివిక్ ప్రభుత్వం జార్ల కాలం నాటి అప్పులు చెల్లవని తెగేసి చెప్పిన తర్వాత, విదేశీ కరెన్సీ అప్పు విషయంలో ఆ దేశానికి ఇదే మొదటిసారి అని పత్రికలు రాశాయి. 1998లో ఆగింది ప్రధానంగా రూబుళ్ల అప్పు కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపలేదు.

ఖజానా ఖాళీ అయి చెల్లింపు ఆగడం వేరు. ఇక్కడ చమురు, గ్యాస్ డబ్బు వచ్చి పడుతూనే ఉంది. మే 27న కట్టవలసిన వడ్డీ సుమారు 10 కోట్ల డాలర్లు. దాన్ని వారం ముందే తమ దేశపు సెటిల్‌మెంట్ డిపాజిటరీకి (బాండ్ల చెల్లింపులు పంచే కేంద్ర సంస్థకు) జమ చేశామని రష్యా ఆర్థిక శాఖ చెప్పింది. ఉక్రెయిన్ మీద దాడి తర్వాత అమెరికా, ఐరోపా పెట్టిన ఆంక్షల వల్ల బాండుదారుల ఖాతాల్లో మాత్రం పడలేదు. దారి మూసింది ఒకరు, ముద్ర పడింది ఇంకొకరి మీద. ఆర్థిక మంత్రి సిలువానోవ్ ఇదంతా ప్రహసనమని కొట్టిపారేశారు. రాజకీయం సంగతి అలా ఉంచి, చట్టం దృష్టిలో ఇది ఎగవేతేనా? అయితే ఆ తర్వాత ఏం జరుగుతుంది?

పాతకాగితం

ఎగవేతే. బాండు పత్రం "ఎందుకు కట్టలేదు" అని అడగదు, "గడువులోగా అందిందా" అని అడుగుతుంది. గడువు తేదీ, ఆపైన 30 రోజుల గ్రేస్ గడువు. మే 27కు 30 రోజులు కలిపితే జూన్ 26. ఆ రాత్రి దాటేసరికి డబ్బు అందలేదు. అప్పు తీసుకున్నవాడి మనసులో ఏముందన్నది ఈ లెక్కలోకి రాదు.

"మా డిపాజిటరీకి పంపేశాం, మా పని అయిపోయింది" అన్నది రష్యా వాదన. మధ్యవర్తి చేతికి ఇస్తే అప్పు తీరినట్టా, బాండుదారు చేతికి అందితే తీరినట్టా అన్నది ఆయా పత్రాల షరతుల మీద ఆధారపడుతుంది. పైగా జూన్ 3న ఐరోపా సమాఖ్య ఆ డిపాజిటరీనే ఆంక్షల జాబితాలో చేర్చింది. అంటే డబ్బు గొట్టం మధ్యలో ఉండగా అవతలి చివర బిగించేశారు.

ఈ బాండ్లకు వర్తించేది ఇంగ్లండు చట్టం, రష్యా చట్టం కాదు. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

తీరికవేళ

దేశాలకు ఐపీ పెట్టే కోర్టు లేదు కదా. ఎగవేత అని తేలిస్తే మాత్రం ఒరిగేదేముంది?

లెక్కలపద్దు

తీరికవేళ గారూ, ఒరిగేది చాలానే ఉంది. అదెలాగో చెప్పేముందు డబ్బు ఎలా నడుస్తుందో చూడాలి. నేను చెల్లింపుల విభాగంలో పనిచేసేవాణ్ణి కాబట్టి నా కళ్లు ముందు గొట్టాల మీదికే పోతాయి.

ఆర్థిక శాఖ ఆదేశమిస్తే డాలర్లు ఒక కరస్పాండెంట్ బ్యాంకు (విదేశీ ఖాతాదారుల తరఫున చెల్లింపులు నడిపే బ్యాంకు) నుంచి బయలుదేరతాయి. అక్కణ్ణుంచి పేయింగ్ ఏజెంటుకు (వడ్డీ పంచే సంస్థకు), అక్కణ్ణుంచి యూరోక్లియర్ లాంటి క్లియరింగ్ సంస్థకు, అక్కణ్ణుంచి కస్టోడియన్ బ్యాంకుకు (బాండ్లు భద్రపరిచే బ్యాంకుకు), చివరికి ఫండు ఖాతాకు. ఈ వరుసలో ఏ ఒక్కరు "మా న్యాయ విభాగం ఒప్పుకోలేదు" అన్నా చెల్లింపు అక్కడే నిలిచిపోతుంది. నిషేధం ఉందా లేదా అన్నది కూడా తర్వాతి మాట. ఉందేమోనన్న భయమే చాలు.

2022 ఫిబ్రవరి 28న అమెరికా ఖజానా శాఖ రష్యా కేంద్ర బ్యాంకుతోనూ ఆర్థిక శాఖతోనూ లావాదేవీలు నిషేధించింది. పాత బాండ్ల వడ్డీ, అసలు అమెరికన్లు పుచ్చుకోవడానికి మాత్రం మే 25 దాకా లైసెన్సు ఇచ్చింది. మార్చిలో చెల్లింపులు నడిచాయి. ఏప్రిల్ 4న 64.9 కోట్ల డాలర్లు కట్టవలసి వచ్చినప్పుడు, అమెరికా బ్యాంకుల్లో స్తంభింపజేసిన ఖాతాల నుంచి కట్టడానికి వీల్లేదన్నారు. రష్యా రూబుళ్లు జమ చేసింది. ఇంకో రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ దాన్ని పాక్షిక ఎగవేతగా లెక్కగట్టింది. గ్రేస్ గడువు మే 4తో ముగుస్తుందనగా, ఏప్రిల్ నెలాఖరులో రష్యా వేరే చోట ఉన్న డాలర్లు తీసి కట్టేసింది. అందరూ గండం గడిచిందనుకున్నారు.

గడవలేదు. ఏప్రిల్ 4 నుంచి డబ్బు అందిన రోజు వరకు అదనంగా పెరిగిన వడ్డీ 19 లక్షల డాలర్లు. దాన్ని కట్టలేదు. క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్‌ల (ఎగవేత జరిగితే డబ్బు ఇచ్చే కాంట్రాక్టుల) మీద తీర్పు చెప్పే కమిటీ జూన్ 1న ఆ 19 లక్షలను పట్టుకుని "చెల్లింపు వైఫల్యం జరిగింది" అని తేల్చేసింది. దాదాపు 65 కోట్లు కట్టినవాడు 19 లక్షల దగ్గర దొరికిపోయాడు! సెప్టెంబరులో వేలం జరిపి బీమా లాంటి ఆ కాంట్రాక్టుల లెక్క తేల్చారు. కాబట్టి ఎగవేత అన్న మాటకు ధర ఉంది. కట్టవలసినవాడు కట్టకపోయినా, ఆ మాట మీద పందెం కాసిన మూడో మనిషికి డబ్బు చేతులు మారింది.

ఎదురుగాలి

ఇదంతా గుమాస్తా లెక్క. న్యాయం మాట ఎవరూ ఎత్తడం లేదు. మే 25న లైసెన్సు పొడిగించకుండా వదిలేసింది ఎవరు? అమెరికా. రెండు రోజుల తర్వాత వడ్డీ గడువు. తేదీలు చూస్తేనే ఉద్దేశం తెలుస్తుంది. కాళ్లూ చేతులూ కట్టేసి నీళ్లలో పడేసి "ఈత రాదు" అని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది. ఒప్పందాల చట్టంలో ఒక మూలసూత్రం ఉంది: ఎదుటివాడు తన పని చేయకుండా అడ్డుపడి, ఆ చేయకపోవడం నుంచే లాభం పొందకూడదు. అంతర్జాతీయ చట్టంలో ఫోర్స్ మెజూర్ (చేతిలో లేని కారణాల వల్ల మాట నిలబెట్టుకోలేకపోవడం) ఉంది. ఇవేవీ పనికిరావా?

పాతకాగితం

ఎదురుగాలి గారూ, రెండూ గట్టి ప్రశ్నలే. ఒక్కొక్కటిగా చూద్దాం.

అడ్డుపడి లాభపడకూడదన్న సూత్రం వర్తించాలంటే, అడ్డుపడినవాడూ లాభపడేవాడూ ఒకరే కావాలి. అడ్డుపడింది అమెరికా ప్రభుత్వం. బాండు చేతిలో ఉన్నది ఏదో పింఛను నిధి. వాషింగ్టన్ చేసిన పనికి దాన్ని బాధ్యురాలిని చేయడానికి ఇంగ్లండు కోర్టు ఒప్పుకుంటుందని నేననుకోను.

ఫోర్స్ మెజూర్ సంగతి. దేశాల బాధ్యతపై ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001లో ఖరారు చేసిన నియమాల్లో 23వ అధికరణం దాన్ని గుర్తిస్తుంది. కానీ ఆ పరిస్థితి రావడానికి ఆ దేశపు ప్రవర్తనే కారణమైతే ఆ వాదన చెల్లదని అక్కడే రాసి ఉంది. ఆంక్షలు ఎందుకు వచ్చాయో వేరే చెప్పనక్కరలేదు. అంతకు ముందు 1929లోనే సెర్బియా రుణాల కేసులో హేగ్‌లోని శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానం, మొదటి ప్రపంచ యుద్ధం ఎంత తలకిందులు చేసినా అప్పు బాధ్యత పోదని చెప్పింది. 2007లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం, అర్జెంటీనా బాండ్ల విషయంలో, గత్యంతరం లేని పరిస్థితి అన్న సాకును ప్రైవేటు రుణదాతల మీద ప్రయోగించేందుకు అంతర్జాతీయ ఆనవాయితీ ఏదీ లేదంది.

ఇక ఒప్పందాల చట్టంలోనే మీరు ఎత్తని ఇంకో వాదన ఉంది. దేశం చేతిలో ఉన్న అసలైన ఆయుధం ఇదే. 1920 నాటి రాలీ బ్రదర్స్ తీర్పు. కలకత్తా నుంచి బార్సిలోనాకు జనపనార తీసుకెళ్లిన ఓడ కిరాయి గొడవ అది. కిరాయి స్పెయిన్‌లో కట్టాలి, స్పెయిన్ చట్టం కిరాయికి గరిష్ఠ పరిమితి పెట్టింది. చెల్లింపు జరగవలసిన చోట ఆ చెల్లింపు చట్టవిరుద్ధమైతే ఇంగ్లండు కోర్టు దాన్ని బలవంతంగా చేయించదని ఆ తీర్పు సారం. "డాలర్లు న్యూయార్కులోనే కట్టాలి, న్యూయార్కులో నిషేధం" అని నిరూపించగలిగితే దీని నీడన నిలబడవచ్చు.

అయితే ఆ నీడ చాలా ఇరుకు. ఆంక్షలు ఉన్నంతకాలం చెల్లింపును వాయిదా వేస్తుందే తప్ప అప్పును చెరిపేయదు. పైగా లైసెన్సుకు దరఖాస్తు చేశావా, ఇంకో దారి వెతికావా అని కోర్టు అడుగుతుంది.

ఎదురుగాలి

ఇంకో దారి వెతికారు కదా. రూబుళ్లలో ఇస్తామన్నారు. వద్దన్నది బాండుదారులే.

లెక్కలపద్దు

పత్రాలు తిరగేస్తే ఇక్కడ ఒక తమాషా కనిపిస్తుంది. మే 27న గడువున్న బాండ్లు రెండు. 2026లో తీరవలసిన డాలర్ బాండు ఒకటి, 2036లో తీరవలసిన యూరో బాండు ఒకటి. రష్యా చేతిలో లేని కారణాల వల్ల అసలు కరెన్సీలో కట్టలేకపోతే ప్రత్యామ్నాయ కరెన్సీలో కట్టవచ్చని రెండింటిలోనూ ఉంది. కానీ మొదటిదానిలో యూరో, పౌండు, స్విస్ ఫ్రాంకు వరకే. రెండోదానిలో రూబుల్ కూడా ఉంది. ఒకే రోజు, ఒకే ప్రభుత్వం, ఒకే రూబుళ్ల కట్ట: యూరో బాండుకు చెల్లింపు అనిపించుకునే వీలుంది, డాలర్ బాండుకు లేదు. 2014లో క్రిమియా ఆంక్షలు చూశాక మాస్కో న్యాయవాదులు కొత్త బాండ్లలో ఈ వాక్యాలు దూర్చారు, 2018 నుంచి రూబుల్ కూడా చేర్చారు. ముందుచూపు ఉన్నవాళ్లే.

పాతకాగితం

పత్రంలో లేని కరెన్సీని పుచ్చుకోవలసిన అవసరం రుణదాతకు ఉందా అన్నదాని మీద 2024 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఎంయూఆర్ షిప్పింగ్, ఆర్‌టీఐ కేసు. ఆంక్షల వల్ల డాలర్లు ఇవ్వడం కష్టమైన కంపెనీ యూరోలు ఇస్తానంది, మారకపు ఖర్చూ తానే భరిస్తానంది. అవతలివాళ్లు వద్దన్నారు. వద్దనడం తప్పు కాదని, ఒప్పందంలో లేని చెల్లింపును ఒప్పుకోనక్కరలేదని కోర్టు తేల్చింది. అది ఓడల కాంట్రాక్టు, బాండు కాదు. అయినా ఆ తర్కం బాండ్లకు అడుగు దూరంలోనే ఉంది.

దీనికి ఎదురుగా 2022 జూన్ 22న పుతిన్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. రష్యాలో ప్రత్యేక ఖాతాల్లోకి రూబుళ్లు జమచేస్తే విదేశీ బాండుల బాధ్యత తీరినట్టే. రష్యా కోర్టులో అది కొండంత అండ. లండన్‌లో దానికి బలం లేదు. ఇంగ్లండు చట్టం కింద పుట్టిన అప్పును రుణగ్రస్తుడు తన ఇంటి చట్టంతో చంపలేడు.

చరిత్రప్రియ

మీరందరూ రష్యా దగ్గరే ఆగిపోయారు. ఎదురుగాలి గారు అడిగిన ప్రశ్న 1979లోనే నిలువెత్తున నిలబడింది.

టెహ్రాన్‌లో అమెరికా దౌత్య సిబ్బందిని బందీలుగా పట్టుకున్న తర్వాత, నవంబరు 14న అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఇరాన్ ఆస్తులను స్తంభింపజేశారు. మర్నాడు, నవంబరు 15న, ఛేజ్ మాన్‌హట్టన్ నాయకత్వంలో బ్యాంకులు ఇచ్చిన 50 కోట్ల డాలర్ల రుణానికి వడ్డీ గడువు. కట్టమని ఇరాన్ ముందే ఆదేశం ఇచ్చింది. డబ్బు ఛేజ్ దగ్గరే ఉంది. స్తంభన ఉంది కాబట్టి ఆ ఖాతా ముట్టుకోలేమన్నారు, వడ్డీ అందలేదు కాబట్టి ఎగవేత అన్నారు. అమెరికా బ్యాంకులు తమ దగ్గర ఉన్న ఇరాన్ డిపాజిట్లను ఆ అప్పులకు సర్దుబాటు చేసుకున్నాయి కూడా. బృందంలోని ఐరోపా బ్యాంకులు కొన్ని దీన్ని మెచ్చలేదు. ఇక్కడ అడ్డుపడ్డది ప్రభుత్వమే అయినా ఖాతా, అప్పు రెండూ ఒకే బ్యాంకు చేతిలో ఉన్నాయి చూడండి. ఎదురుగాలి గారి సూత్రానికి అంతకన్నా మంచి కేసు దొరకదు.

అది తీర్పు దాకా వెళ్లనే లేదు. 1981 జనవరి 19న అల్జీర్స్ ఒప్పందం కుదిరింది. స్తంభింపజేసిన డబ్బులో నుంచే సుమారు 367 కోట్ల డాలర్లు తీసి బ్యాంకుల బృంద రుణాలన్నీ పూర్తిగా తీర్చేశారు. వివాదంలో ఉన్న మొత్తాలకు మరో 141.8 కోట్లు పక్కన పెట్టారు. మిగతా పేచీల కోసం హేగ్‌లో ట్రైబ్యునల్ పెట్టారు. అప్పులిచ్చినవాళ్లకు దక్కింది న్యాయవాదుల వల్ల కాదు, బందీల విడుదల బేరం వల్ల.

ఇరాక్‌ది ఇంకో దారి. 1990 ఆగస్టులో భద్రతామండలి 661వ తీర్మానంతో ఆంక్షలు పెట్టింది. విదేశీ అప్పులు కట్టబోమని బాగ్దాద్ చేసిన ప్రకటనలు చెల్లవని 1991లో 687వ తీర్మానంలో రాసింది. కట్టే దారి మూసినవాళ్లే, కట్టను అనే హక్కు లేదన్నారు! ఇందులో వైరుధ్యం లేదు. చెల్లింపు ఆగినా అప్పు బతికే ఉంటుందని చెప్పడమే అది. 2003లో 1483వ తీర్మానం ఇరాక్ చమురు ఆదాయాన్ని పాత రుణదాతలు జప్తు చేయకుండా కవచం తొడిగింది. 2004 నవంబరులో పారిస్ క్లబ్ (అప్పులిచ్చిన ప్రభుత్వాల బృందం) తమకు రావలసిన దానిలో 80 శాతం మాఫీ చేసింది.

తీరికవేళ

అంటే ఇరాన్‌కు అప్పు ఇచ్చినవాళ్లకు పూర్తిగా, ఇరాక్‌కు ఇచ్చినవాళ్లకు రూపాయికి ఇరవై పైసలు. చట్టం ఒకటే, బేరం మారింది.

సందేహజీవి

చరిత్రప్రియ గారూ, బాగా చెప్పారు. కానీ నా రెండో ప్రశ్న మిగిలే ఉంది. ఈ రోజు ఒక ఫండు చేతిలో వడ్డీ రాని బాండు ఉంది. స్తంభింపజేసిన రష్యా నిల్వలు దాదాపు 30,000 కోట్ల డాలర్లని అంటారు. దావా వేసి, డిక్రీ తెచ్చుకుని, ఆ నిల్వల మీద జప్తు తెచ్చుకోవచ్చు కదా?

పాతకాగితం

అందరికీ ముందు తట్టేది అదే. మధ్యలో రెండు గోడలున్నాయి.

మొదటిది సార్వభౌమ రక్షణ. అప్పు తీసుకోవడం వ్యాపార లావాదేవీ కాబట్టి బ్రిటన్ 1978 చట్టం కింద దేశం మీద దావా నడుస్తుంది. డిక్రీ అమలు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. కేంద్ర బ్యాంకు ఆస్తికి దాదాపు పూర్తి రక్షణ ఉంది; అమెరికా 1976 చట్టంలోనూ అంతే. చాలా దేశాలు తమ బాండ్లలో ఈ రక్షణను వదులుకుంటున్నట్టు రాస్తాయి. రష్యా బాండ్లలో వదులుకోలేదు, విదేశీ కోర్టు పరిధికి ఒప్పుకున్నట్టు కూడా రాయలేదు. లాభం ఎక్కువ వస్తుందని అలాంటి కాగితాన్ని కళ్లు తెరిచే కొన్నారు.

రెండోది ఆంక్షలే. స్తంభింపజేసిన ఆస్తిని దేశమే కాదు, దాని మీద డిక్రీ ఉన్నవాడు కూడా లైసెన్సు లేకుండా కదిలించలేడు. వెనెజువేలా విషయంలో ఇది కళ్లకు కడుతుంది. క్రిస్టలెక్స్ అనే గనుల కంపెనీ 2016లో ఆ దేశం మీద 120 కోట్ల డాలర్ల మధ్యవర్తిత్వ తీర్పు గెలిచింది. అమెరికాలో వెనెజువేలాకు ఉన్న సిట్గో చమురు సంస్థ మాతృ కంపెనీ వాటాలు జప్తు చేసుకోవచ్చని 2018లో డెలావేర్ కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి, ఇతర రుణదాతలూ వచ్చి వరుసలో నిలబడ్డారు, ఏ అమ్మకమైనా ఖజానా శాఖ అనుమతి లేకుండా పూర్తి కాదు. డిక్రీ చేతికొచ్చినా డబ్బు గోడకు కొట్టిన సున్నమే అన్నట్టుంటుంది.

లెక్కలపద్దు

వెనెజువేలాలో ఇంకో చిక్కు కూడా చెప్పాలి. 2017 ఆగస్టులో ట్రంప్ ఉత్తర్వు ఆ ప్రభుత్వపు కొత్త అప్పు కొనడాన్ని అమెరికన్లకు నిషేధించింది. నవంబరుకల్లా ఎగవేత. మామూలుగా ఎగవేత తర్వాత ఏం చేస్తారు? పాత బాండు ఇచ్చి, విలువ తగ్గించిన కొత్త బాండు పుచ్చుకుంటారు. ఆ కొత్త బాండు కొత్త అప్పు కిందికే వస్తుంది, అంటే నిషిద్ధం. ఎగవేతకు మందు కూడా నిషేధించారన్నమాట. రుణదాత, రుణగ్రస్తుడు ఇద్దరూ సరేనన్నా రాజీ కుదరదు.

ఎదురుగాలి

ఇప్పుడు నా మాటకే వచ్చారు. ఆంక్షలు పెట్టిన దేశం తన పౌరుల అప్పును కూడా బందీ చేసింది.

లెక్కలపద్దు

ఆ మాట వరకు నాకు అభ్యంతరం లేదు. దానివల్ల రుణగ్రస్తుడు విడుదలయ్యాడంటే మాత్రం ఒప్పుకోను.

చరిత్రప్రియ

చిన్న విడుపు. 1986 జనవరిలో రీగన్ లిబియా ఆస్తులను స్తంభింపజేశారు. లిబియా బ్యాంకు డాలర్లు బ్యాంకర్స్ ట్రస్ట్ అనే అమెరికా బ్యాంకు దగ్గర ఉన్నాయి, కొంత దాని లండన్ శాఖలో. డాలర్లు న్యూయార్కు గుండా తప్ప కదలవు, అక్కడ నిషేధం, కాబట్టి ఇవ్వలేమంది బ్యాంకు. లండన్ ఖాతాకు ఇంగ్లండు చట్టమే వర్తిస్తుంది, కావాలంటే నోట్ల కట్టలుగా ఇవ్వండి, లేదా పౌండ్లలో ఇవ్వండి అన్నారు లండన్ కోర్టు జడ్జి జస్టిస్ స్టాటన్. మొత్తం 29.2 కోట్ల డాలర్లు! "గొట్టం మూసుకుంది" అన్న వాదన విని జడ్జి గొట్టం లేకుండా ఇమ్మన్నారు.

సందేహజీవి

అలాగైతే అర్జెంటీనా 2014 కూడా దీనికి దగ్గరదే కదా? అక్కడ ఆంక్షలు లేకపోయినా.

పాతకాగితం

దగ్గరదే. పాత ఎగవేత తర్వాత తక్కువ మొత్తానికి రాజీపడిన బాండుదారుల కోసం అర్జెంటీనా 53.9 కోట్ల డాలర్లు బ్యాంక్ ఆఫ్ న్యూయార్క్ మెలన్‌లో జమ చేసింది. రాజీపడని ఫండ్లకు కూడా అదే సమయంలో కట్టకపోతే వీళ్లకూ పంపకూడదని న్యూయార్కు జడ్జి గ్రీసా ఆపేశారు. డబ్బు బ్యాంకులో కూర్చుంది, జూలై 30న గ్రేస్ గడువు దాటింది, ఎగవేత అన్నారు. ఆపింది ఆంక్షల శాఖ కాదు, కోర్టు. ఫలితంలో తేడా లేదు.

నిర్వాహకులు

యుద్ధం ఎవరి తప్పు అన్న దారిలోకి వెళ్లిన మూడు వ్యాఖ్యలను తొలగించాం. అప్పుల చట్టం దగ్గరే ఉండండి.

సందేహజీవి

చివరిగా ఒకటి. ఆంక్షలు ఎత్తేసేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే బాండుదారుకు నష్టమేమైనా ఉందా?

పాతకాగితం

ఉంది. కాలపరిమితి. ఆంక్షలు గడియారాన్ని ఆపవు. న్యూయార్కు చట్టం కింద ఒప్పందపు దావాకు ఆరేళ్లు. 2017లో ఆగిన వెనెజువేలా వడ్డీలకు 2023లో ఆ గడువు ముంచుకొచ్చింది. అందుకే ఆ ఏడాది మార్చిలో మదురో ప్రభుత్వమూ, ఆయన్ని గుర్తించని ప్రతిపక్ష శాసనసభ పక్షమూ, దేనికదే, 2028 చివరిదాకా కాలపరిమితి వాదన ఎత్తబోమని ప్రకటించాయి. వాళ్లిద్దరూ ఏకీభవించిన విషయాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అందులో ఇదొకటి. రష్యా బాండ్ల పత్రాల్లో గడువు ఇంకా చిన్నది, మూడేళ్లలో అడగకపోతే క్లెయిము రద్దవుతుంది. అది ఒక్కో వడ్డీ వాయిదాకు విడివిడిగా నడుస్తుంది. బాండుల్లో 25 శాతం ఉన్నవాళ్లు కలిస్తే అసలంతా ఒకేసారి కట్టమనవచ్చు, కానీ ఆంక్షల భయంతో బాండుదారులు ఒక గదిలో కూడడమే కష్టమైంది.

కాబట్టి అలాంటి కాగితం చేతిలో ఉన్నవాడు చేయవలసింది ముందు ఆ షరతు చదవడం, తర్వాత గడువులోగా లిఖితపూర్వకంగా అడగడం, అవసరమైతే లైసెన్సు తీసుకుని దావా దాఖలు చేసి దాన్ని అలాగే నిలిపి ఉంచమని కోర్టును కోరడం. డబ్బు రేపే రాదు. క్లెయిము మాత్రం చావకూడదు. అల్జీర్స్ ఒప్పందం లాంటిది ఏదైనా కుదిరిన రోజున, బతికున్న క్లెయిములనే బల్ల మీద పెడతారు.

ఎదురుగాలి

ఆ రోజున ఆగిన వడ్డీ మీద వడ్డీ ఎవరు కట్టాలి? దారి మూసినవాడా, మూతపడ్డవాడా?

చరిత్రప్రియ

ఇరాన్ విషయంలో ఆ 141.8 కోట్లు పక్కన పెట్టింది అలాంటి పేచీల కోసమే. స్తంభింపజేసిన డిపాజిట్ల మీద బ్యాంకులు ఎంత వడ్డీ ఇవ్వాలన్నది కూడా అందులో ఒకటి. అసలు ఎంతన్నది చివరి రోజుల్లోనే తేలిపోయింది, వడ్డీ రేటు గొడవ మాత్రం ఒప్పందం తర్వాత కూడా నడిచింది.